నాయనమ్మ డాలరు, బాబాయి చింతపండు

పాత నాణేలకు లక్షలొస్తాయని చెప్పే ఫోను వీడియోలను తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అవే లేకపోతే మా శివనాగరాజు బాబాయికి చదువెక్కడ అబ్బేది?

పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ ఆ పేపరును క్షమించి వదిలేసిన మనిషి ఆయన. ఇప్పుడు? భూతద్దం పెట్టుకుని అమెరికా వెండి డాలరు మీద అక్షరాలు చదువుతున్నాడు! ముందువైపు ఒక అమ్మగారి తల, దాని కింద సంవత్సరం. వెనకవైపు రెక్కలు చాచిన గద్ద, దాని కింద ఆకుల దండ, ఆ దండ కింద ఆవగింజంత అక్షరాలు. అవి రెండు 'సి'లైతే లక్షలేనట. మా బళ్ళో ఏ మాస్టారు ఇంత శ్రద్ధగా చదివించగలిగారు చెప్పండి?

ఆ డాలరు మా నాయనమ్మ పుల్లమ్మది. ఎప్పుడో పొగాకు కొనడానికొచ్చిన దొర ఒకాయన నాయనమ్మ అత్తగారి చేతి మజ్జిగ తాగి ఇచ్చి వెళ్ళాడట. పెనం అడుగులా నల్లగా ఉండేది. నాయనమ్మ రొండిన ఉండే సంచిలో, వక్కలతో కలిసి దాని కాపురం. మా వీధిలో ఏ బిడ్డకు అన్నప్రాశన జరిగినా పుస్తకం, కలం, పూలు, వాటి పక్కన మా డాలరు ఉండాల్సిందే. నేనూ పాకుతూ వెళ్ళి దాన్నే పట్టుకున్నానట.

వీడియోల మేలు బాబాయితో ఆగలేదు. ఊరంతా సైన్సు నేర్చుకుంది! మైకుసెట్టు అల్లాబక్షు గారు పాడైన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసుకొచ్చారు.

"అంటుకుంటే నకిలీ, నాగరాజూ!"

అంటుకోలేదు. కిరాణా కొట్టు కాటా మీద తూచారు. ఇరవై ఆరున్నర గ్రాములు. అరిగినదానికి అది సరైన బరువేనట. దండ కింద రెండు 'సి'లు కనిపించినప్పుడు బాబాయి వేసిన కేకకు మిరప కల్లంలో తాలుకాయలు ఏరే కూలీలు లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఇది అమ్మేస్తున్నా. మిరపకు మందు కొట్టే డ్రోను కొంటున్నా!"

"నాదిరా అది," అంది నాయనమ్మ.

"నీదేలేమ్మా, ఎవరు కాదన్నారు?" అంటూ జేబులో వేసుకున్నాడు.

చూశారా, వీడియోలు మనిషికి ఎంత నిర్ణయశక్తి ఇస్తాయో!

నేను నలుగురిలో నోరు విప్పే పిల్లను కాను. కానీ ఆ వీడియో కింద సన్నటి ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది. ఆవగింజంత అక్షరాలు చదివిన బాబాయి దాన్ని చదవలేదు. పాత వెండి నాణేన్ని తోమితే సేకరించేవాళ్ళ దగ్గర దాని విలువ పడిపోతుందట. ఆ ముక్క నాయనమ్మ చెవిలో మాత్రమే వేశాను. ఆవిడ ఒక వక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలింది.

మర్నాడు పొద్దున్నే అందుకుంది.

"ఏరా, నాణేలు కొనే హైదరాబాదాయనకు ఇవాళ ఫోనులో చూపిస్తావంటగా? ఈ మసిముద్దనా? పెళ్ళిచూపులకు పిల్లనైనా మొహం కడిగి కూర్చోబెడతారు కదరా!"

బాబాయికి నచ్చింది. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని పంపు దగ్గర కూర్చుని గంటసేపు తోమాడు.

"రెక్క సందులో ఇంకా నలుపుంది నాయనా," అంటూ నాయనమ్మ అరుగు మీంచి చూపించింది.

ఇంట్లో తిన్న కంచం కూడా తీయని మనిషి! వీడియోలు మగవాళ్ళకు అంట్లు తోమడం నేర్పుతాయని మీకెవరైనా చెప్పారా?

డాలరు తళతళలాడింది. ఫోనులో హైదరాబాదాయన మొహం మాత్రం వాడిపోయింది.

"తోమారా అండీ?"

"గంటసేపు సార్! నా చేత్తోనే!"

"అయ్యో! ముట్టకుండా ఉంటే ఆ రేటు వేరండీ. ఇప్పుడిక వెండి లెక్కే."

వెండి లెక్కన డ్రోను రెక్క కూడా రాదు. బాబాయి ఆ పూట అన్నం తినలేదు. డాలరు మళ్ళీ రొండిన సంచిలోకి, వక్కల పక్కకు చేరింది. మొన్న ఎదురింటి శ్రీరమ్యక్క కొడుకు తన అన్నప్రాశనలో పుస్తకాన్నీ కలాన్నీ తోసేసి దాన్నే పట్టుకున్నాడు. వాడి గుప్పిట్లోంచి తీసేసరికి మాకు తలప్రాణం తోకకొచ్చింది.

అందుకే చెబుతున్నాను, ఆ వీడియోలను తిట్టకండి. నాణెం కనబడగానే ఏమేం అడగాలో అన్నీ నేర్పుతాయి. ఏ సంవత్సరం? ఏ అక్షరం? ఎంత బరువు? అయస్కాంతానికి అంటుకుంటుందా? 'ఇది ఎవరిది, ఆవిడ అమ్ముతానందా?' అని అడగమనే వీడియో మాత్రం నాకింకా కనబడలేదు. మీకు కనబడితే మా బాబాయికి పంపండి.

నా పేరు మాత్రం చెప్పకండి.