మిగులు గడ్డి పటం

నిప్పు కనిపెట్టడం ఏమంత గొప్ప కాదు. ఏది తగలబెట్టాలో ఆకాశం నుంచి చూసి తేల్చడంలోనే నాగరికత ఉంది. ఆ నాగరికత 2002 కరువులో మా చిత్తూరుకు చేరింది. పొట్టు, గడ్డి, చెత్త కాల్చి కరెంటు తీసే కేంద్రాలు ఎక్కడ పెట్టాలో ఉపగ్రహం ఫోటోలను బట్టి పటం గీయడానికి ‘మిగులు జీవపదార్థ నిర్ధారణ విభాగం’ వెలిసింది. దాని కంప్యూటరు ఏసీ గదిలో కొలువైంది. జనం చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవారు. (కాణిపాకంలోనూ అంతే. కాకపోతే అక్కడ మొరపెట్టుకుంటే వినే దేవుడున్నాడు.)

విభాగాధిపతి సుందరరాజుగారు నిజాయితీపరుడు. దున్నపోతు ఈనిందని కంప్యూటరు చెబితే, దూడను గాటన కట్టేయమనే రకం. వానల్లేక జిల్లా అంతా బోడిగా ఉన్న ఆ ఏడు, పటంలో పడమటి వైపు ఒకే ఒక్క పల్లె మీద ఎండుగడ్డి గుట్టగా కనిపించింది. కరెంటు కేంద్రానికి ఇంతకన్నా అనువైన చోటు లేదని ఆయన సంతకం పెట్టి, జీపెక్కారు.

ఆ గడ్డి అక్కడ పండింది కాదు. ఆ పల్లెలో మేత బొత్తిగా లేక గొడ్లు చస్తున్నాయని, ప్రభుత్వంలోనే మరో విభాగం కోస్తా నుంచి లారీల్లో తెప్పించి డిపోలో వామి వేయించింది. అలా జిల్లాలో అందరికన్నా గడ్డి కరువైన ఊరే గడ్డి మిగిలిన ఊరని తేలింది. (రెండు విభాగాలూ వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి. మెట్లు ఎవరెక్కుతారు?)

డిపో దగ్గర మునిరత్నమ్మ ఎదురైంది. భర్త పోయిన మనిషి. ఒక్క ఆవు ఉంది, దాని పాలు డెయిరీలో పోస్తేనే ఇల్లు గడుస్తుంది.

“సామీ, ఇది మా గొడ్లకని తెచ్చిన మేత. దీన్ని కాల్చేస్తే అవేం తినాల?”

“పటంలో గొడ్లు లేవమ్మా.”

“పక్కన నిలబడి సూస్తేనే నా ఆవు కనపడదు, ఎమకలు తేలి ఉండాది. ఆకాశంలోంచి సూస్తే యాడ కనపడతాది?”

ఆయన ఓపికగా వివరించారు. పటంలో ఒక్కో చుక్క ఇరవైమూడు మీటర్లు. అంతకన్నా చిన్న పశువును గుర్తించే అధికారం విభాగానికి లేదు.

“మేతుంటే అది గూడా ఎదిగుండునేమో సామీ.”

దీన్ని ఆయన ప్రజాసూచనగా నమోదు చేసుకున్నారు.

నిబంధన ప్రకారం, ఉపగ్రహం దాటే వేళకు ఏ పశువు నోట్లోనూ లేని గడ్డి అంతా మిగులే. డిపోకు సీలు పడింది. మునిరత్నమ్మ బస్సెక్కి చిత్తూరుకు వచ్చి అర్జీ ఇచ్చింది. మళ్లీ సర్వే చేస్తామన్నారు. (ఉపగ్రహం తిరుగుతూనే ఉంటుంది. జీపుకు మాత్రం డీజిలు మంజూరు కావాలి.)

ఆ నెల్లోనే పాలు ఎండిపోయాయి. ఆవును సంతలో తమిళనాడు లారీ ఎక్కించారు. గొడ్డును అమ్మినా మెడలో పలుపుతాడు ఇవ్వకూడదు గనక, ఆ పలుపు పట్టుకుని మునిరత్నమ్మ సంతలోనే కూలబడి ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఇదొక్కటి నవ్వడానికి రాయడం లేదు. ఊళ్లో తక్కిన గొడ్లూ ఒక్కొక్కటే అదే లారీ ఎక్కాయి.

ఏడాదికి జీపు వచ్చింది. కరెంటు కేంద్రానికి పునాది కూడా పడలేదు, గడ్డికి మాత్రం చెదలు పట్టింది. (చెదపురుగు ఎలాగూ చుక్క కన్నా చిన్నది.) సుందరరాజుగారు ఇంటింటికీ తిరిగి, ప్రతి కొట్టంలోకీ తొంగిచూసి, నివేదిక రాశారు. ఈ గ్రామంలో గడ్డి తినే పశువు ఒక్కటీ లేదు. పటం అక్షరాలా నిజం.

ఊరే దానికి సరిపోవడంలో కాస్త ఆలస్యం చేసింది.