పాలెగాడికి జరిగిన అన్యాయం

ఎమ్మిగనూరులో ఆ నేతగాళ్ల వీధి మగవాళ్లను తక్కువగా అంచనా వేయకండి. మగజాతి గౌరవానికి ముప్పొస్తే వాళ్లు మగ్గాలు ఆపి మరీ రోడ్డు మీదికి వస్తారు. ఆ ముప్పు వచ్చింది ఒక గండుపిల్లికి కావచ్చు. మగతనం ఎవరిదైతేనేం?

సంగతి మొదలైంది హులిగమ్మ ఇంట్లో. ఆమె భర్త ధనుంజయ చీరలు నేస్తాడు. వాళ్ల ఆడపిల్లి లచ్చి ఏడాదిలో మూడోసారి పిల్లలు పెట్టింది. ఈసారి ఏకంగా, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోనే. ఐదు కూనలు. ధనుంజయ కాలు కదిపితే కింద ఒకటి అరుస్తుంది. ఇంకొకటి నూలులో చిక్కుకుంటుంది. కూనను విడిపించడానికి ఒక పూట, నూలును విడిపించడానికి ఒక రోజు. ఇట్లయితే చీర ఎప్పుడు దిగేను?

లచ్చికి ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయమని హులిగమ్మ ఆదోనిలోని పశువుల డాక్టరు కృపకు ఫోన్ చేసింది.

"పాలిచ్చే తల్లికి ఇప్పుడే చేయలేమమ్మా," అంది డాక్టరు. "పైగా ఆడదానికైతే కడుపు కోయాలి, తర్వాత పది రోజులు కనిపెట్టుకుని ఉండాలి. గండుపిల్లిదైతే పది నిమిషాల పని. పొద్దున తెస్తే సాయంత్రానికి తీసుకుపోవచ్చు."

ఈ మాట హులిగమ్మకు కొత్త కాదు. నాలుగేళ్ల కింద, కూతురు ప్రార్థన తర్వాత కొడుకు సుజయ్ పుట్టి, రెండో కాన్పు కూడా సిజేరియన్ అయినప్పుడు, ఇట్లాంటిదే ఇంకో డాక్టరమ్మ చెప్పింది. మూడో కాన్పు వద్దు, ప్రాణం మీదికొస్తుంది. మళ్లీ మీ కడుపు కోసే బదులు మీ ఆయనకు చేయించండి, కుట్లు కూడా పడవు అంది. ధనుంజయ అప్పుడు ఆసుపత్రి సీలింగు ఫ్యానును చూసి, "పొద్దస్తమానం మగ్గం తొక్కేటోన్ని. నడుము బలం పోతే ఇల్లు ఎట్ల గడుస్తాది? నువ్వే చేయించుకో," అన్నాడు. రెండుసార్లు కోయించుకున్న హులిగమ్మ మూడోసారి ఆ బల్ల ఎక్కనంది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి నెలసరి నాలుగు రోజులు అటూ ఇటూ అయితే చాలు, ఆమెకు అన్నం సయించదు.

ఆ వీధికంతా గండుపిల్లి ఒక్కటే. పేరు పాలెగాడు. రిటైరైన తెలుగు మాస్టారు చక్రపాణి పెంచుకుంటున్నాడు. హులిగమ్మ పోయి విషయం చెబితే మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నేరుగా టీ అంగడికి నడిచాడు.

పావుగంటలో సభ తయారు. పదకొండు మంది.

"చేస్తే ఇంగ అది లేస్తాదా సార్?" అన్నాడు పక్కింటి ప్రేమ్ కుమార్. అందరికంటే గట్టిగా మాట్లాడింది అతనే. "పక్క వీధి పిల్లులు దీని ముఖం సూస్తాయా? ఎలకలకు ఈ సంగతి తెలిస్తే ఊరుకుంటాయా?"

ఎలుకలకు ఎవరు చెబుతారని ఎవరూ అడగలేదు. ఆవేశంలో ఉన్నవాళ్లను అట్లాంటివి అడగరాదు.

ధనుంజయ లేచి నిలబడ్డాడు. "నోరు లేని జీవం. దాన్ని ఒక మాట అడిగినామా?"

నీళ్ల బిందెతో పోతూ పోతూ హులిగమ్మ ఆగింది. "లచ్చిని అడిగినారా?"

"ఆడదాని సంగతి వేరే కదా వదినా," అన్నాడు ప్రేమ్ కుమార్. ఎట్లా వేరో మాత్రం సభ వివరించలేదు. కూనలు పాలు మానగానే లచ్చికే ఆపరేషన్ చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. చేతులెత్తిన పదకొండు మందిలో ఒక్కరి పొట్ట మీదా కుట్ల గుర్తు లేదు.

మరుసటి రోజు మాస్టారి భార్య కామాక్షమ్మ హులిగమ్మను పెరటి వైపు పిలిచింది.

"హులిగమ్మా, ఆ పాలెగాడు ఏడాదిగా మా పూజగది గోడకు దినమూ అభిషేకం చేస్తున్నాడు. కడిగేది నేను. గురువారం మా ఆయన మంత్రాలయం పోతాడు. నువ్వు ఖాళీయేనా?"

గురువారం పొద్దున ఇద్దరూ ఆదోని బస్సెక్కారు. ఒక ప్లాస్టిక్ బుట్ట మీద ఇంకో బుట్ట బోర్లించి తాళ్లతో కట్టి, మధ్యలో పాలెగాడిని పెట్టారు. లోపలినుంచి వస్తున్న గర్జన విని కండక్టరు ఏముందమ్మా అని అడిగాడు. "మా ఇంటి మొగోడు నాయనా, ఆసుపత్రికి," అంది కామాక్షమ్మ. కండక్టరు రెండు టికెట్లు చింపి ముందుకు పోయాడు.

సాయంత్రం నాలుగుకు పాలెగాడు తిరిగి ఇంట్లో ఉన్నాడు. చీకటి పడేలోపు గిన్నెడు పాలు తాగాడు. మంత్రాలయం నుంచి వచ్చిన మాస్టారు ఒళ్లో కూర్చుని ప్రసాదం వాసన చూశాడు.

నెల గడిచింది. పాలెగాడు పక్క వీధికి కొట్లాటకు పోవడం మానేశాడు. ఒళ్లు చేశాడు, బొచ్చు నిగనిగలాడుతోంది. రోజూ టీ అంగడి అరుగు మీద కాళ్లు చాచుకుని పడుకుంటున్నాడు. పూజగది గోడ పొడిగా ఉంది.

"సూడండప్పా, దొరతనమంటే ఇది," అన్నాడు ప్రేమ్ కుమార్ ఒక పొద్దు. "ఆ ఠీవి సూడండి."

"మగజన్మ లక్షణం," అన్నాడు మాస్టారు.

"ఆ పొద్దు మనం అడ్డం పడకపోయింటే ఏమయ్యేది దీని బతుకు?" అన్నాడు ధనుంజయ, పాలెగాడి మెడ నిమురుతూ.

పాల పాకెట్టుకని వచ్చిన హులిగమ్మ నెమ్మదిగా చెప్పింది. "చేయించి నెలైంది. నేనూ కామాక్షమ్మా పోయింటిమి."

 అంగట్లో ఉన్నవాళ్లందరూ పాలెగాడి వైపు చూశారు. అతను ఆవులించాడు.

ముందు తేరుకున్నది ప్రేమ్ కుమార్. "నేను అనుకుంటానే ఉన్నా. నడకలో తేడా ఉంది." చూపులో దైన్యం ఉందన్నాడు మాస్టారు. తోక వాలిందన్నాడు ఇంకొకాయన. ఐదు నిమిషాల కింద రాజుగా ఉన్నవాడు వాళ్ల కళ్ల ముందే రోగిష్టి అయిపోయాడు. పాపం, ఆ సంగతి అతనికి తెలియదు. ధనుంజయ మాత్రం పాలెగాడి మెడ మీది చెయ్యి తీసి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు గానీ నేయలేదు.

"చేయించిన పొద్దు ఆ పిల్లి పాలన్నా తాగిందా?"

"తాగింది."

"నొప్పి?"

హులిగమ్మ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. "తేదీ దాటినప్పుడల్లా, నేను పోతే సుజయ్ యాడ పెరుగుతాడు, ప్రార్థనకు జడెవురేస్తారు అని నేను పండుకోకుండా ఆలోచిస్తాండా. నాలుగేండ్లాయ. నువ్వు నడుము గురించి భయపడతాండావు. నేను పానం గురించి."

ధనుంజయ మగ్గం గుంతలోకి వంగి, నూలులో చిక్కిన ఒక కూన కాలును విడిపించాడు. కూనలు వాటి పాటికవి ఆడుకుంటున్నాయి. తలెత్తకుండానే, "నువ్వూ వస్తావా నాతో?" అన్నాడు.

సోమవారం ఇద్దరూ ఆదోని పెద్దాసుపత్రికి పోయి వచ్చారు. లోపల పావుగంట కూడా పట్టలేదు. మూడు నెలల తర్వాత వచ్చి పరీక్ష చేయించుకోవాలి, అంతవరకూ జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి రెండు రోజులు ధనుంజయ చాప మీద పడుకుంటే, వీధికి మాత్రం నడుము పట్టేసిందని చెప్పారు. అబద్ధమే. నిజం చెబితే అతని తోక కూడా వాలిందంటారని హులిగమ్మ భయం.

పరామర్శకు వీధి మగవాళ్లంతా వచ్చారు. అరటిపండ్లు తెచ్చారు. మగ్గం పని నడుమును ఎట్లా తింటుందో తలా ఒక మాట చెప్పి, తైలాల పేర్లు చెప్పి పోయారు. ప్రేమ్ కుమార్ మాత్రం కదల్లేదు. అందరూ పోయిందాకా కూర్చుని, లేచి తలుపు దగ్గరకు వేసి, చాప దగ్గరకు జరిగాడు.

"అన్నా, సోమారం నేను ఆదోనిలోనే ఉంటి," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు ఆ రూములోంచి బయటికొచ్చేది సూసినా."

ధనుంజయ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"ఎవురికీ సెప్పను లే." ప్రేమ్ కుమార్ వాకిలి వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఆ డాక్టరు మళ్లా యే వారం ఉంటాడు? నాకూ ఈ మధ్య నడుము పట్టేస్తాంది."