గోడ దాటిన టీవీ

మా అమ్మాయి కృప పెళ్లినాడు మా బావ శ్యాంసన్ కాలికి కట్టుతో ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు అతుక్కుంది గానీ, మేనకోడలి పెళ్లి చూడలేదన్న దిగులు పోలేదు. మొన్న ఆదివారం గిద్దలూరు నుంచి వచ్చి మా టీవీ ముందు కూర్చున్నాడు.

పెళ్లి వీడియో ముందుగది కంప్యూటర్‌లో ఉంది. టీవీ నడింట్లో ఉంది.

"వైరూ గియిరూ ఏం లేదు బావా. గాల్లోనే వస్తాది" అన్నాను.

పెళ్లి రాలేదు. 'సర్వర్ కనబడలేదు' అని తెర మీద పడింది.

"సర్వర్ అంటే ఎవరు?"

"మన కంప్యూటరే బావా."

"ఆడనే కూర్చోనుంటే కనబడలేదంటాదేంది?"

టీవీ పెట్టె ఆపి మళ్లీ పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. నెట్టు డబ్బాను బీరువా మీదికెక్కించాను. మా ఆవిడ అన్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఫ్యాను గూడా ఆపి చూడయ్యా, అదొక్కటే మిగిలింది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా నెట్టు సగం నెలకే అయిపోతుంది. పక్కింటి యల్లమ్మ వదిన నెట్టుకు పాస్‌వర్డ్ పెట్టిచ్చింది నేనే. ఆ రోజే గుట్టుగా మా టీవీని ఆమె నెట్టుకు తగిలించాను. కంప్యూటర్ మా నెట్టులో, టీవీ వాళ్ల నెట్టులో. ఇక ఒకదానికొకటి ఎట్లా కనబడతాయి?

చప్పుడు కాకుండా మార్చేద్దామని టీవీలో నెట్టు పేరుండే పేజీ తెరిచి, తెరకు అడ్డంగా నిలబడ్డాను.

"నీ వీపు చూసేదానికి రాలేదు, జరుగు!" అని బావ నన్ను పక్కకు నెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు గట్టిగా చదివాడు: "యల్లమ్మ ఇల్లు!"

"ఎవరబ్బా పిలిచినారు?" అంటూ వదిన రానే వచ్చింది. తెర మీద తన పేరు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నెట్టంతా ఈయనే తాగేస్తాండాడని మా ఆయన ఫోను రెండు నెల్లు దాచిపెట్టినా గదయ్యా!"

"తోడుకు మజ్జిగ అడిగినట్టు అడిగింటే ఇయ్యదా? దొంగగా తగిలిస్తావా?" అంది అన్నమ్మ.

"ఇప్పుడే మా నెట్టుకు మార్చేస్తా వదినా."

"మార్చొద్దు. ఆ కంప్యూటర్‌ను గూడా మా దాంట్లోనే కలుపు. రిమోటు ఇట్లియ్యి."

కలిపాను. ఇచ్చాను. గోడవతలి ఇల్లంతా కదిలొచ్చి కుర్చీల్లో కూర్చుంది. పెళ్లికూతురి తండ్రికి గడప మిగిలింది.

యల్లమ్మ వదిన భోజనాల్లో తను వడ్డించే పంక్తి ముందు పెట్టుకుని మూడుసార్లు చూసింది. ప్రమాణాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. బావ కళ్లు తుడుచుకుంటూ, "పెళ్లి బాగా జరిగింది బావా. భోజనాలే కొంచెం తొందరగా పెట్టినారు" అన్నాడు.