మొదటి కూజా, ముట్టుకోరాదు

ఆ ఉదయం స్టోర్‌కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దాల బీరువా తాళం తియ్యాలి, మొదటి కూజాను తడిగుడ్డతో తుడవాలి, మళ్ళీ లోపల పెట్టి తాళం వెయ్యాలి, పదింటికల్లా టీ తాగాలి. ఆ టీ ఆయన గొంతులోకి దిగేసరికి సాయంత్రం నాలుగయింది.

అది మామూలు కూజా కాదు. నాలుగంతస్తుల భవనంలో నేత, ముద్రణ, కొయ్యపని, ఇంకా నోరు తిరగని పేర్లున్న కోర్సులెన్నో నేర్పుతున్న ఆ కళల విశ్వవిద్యాలయం, డెబ్భై అయిదేళ్ళ కిందట ఒక రేకుల షెడ్డు, ఒక బట్టీతో మొదలయింది. ఆ బట్టీలోంచి మొట్టమొదట బయటికొచ్చిన వస్తువు ఈ కూజా. మొదటి మాస్టారు స్వయంగా "మొదటి కూజా, ముట్టుకోరాదు" అని రాసిన అట్టముక్క ఇంకా దాని మెడకు వేలాడుతోంది. స్టోర్‌కీపర్ ఆ మాటను శిలాశాసనంలా పాటించాడు. ముప్పై ఏళ్ళలో తన స్టోరులోంచి ఒక్క సూదైనా పోలేదని ఆయన గొప్ప. పిల్లలు చాటున ఆయన్ని "తాళంకప్ప" అంటారు. అది ఆయనకు తెలుసు, లోలోపల ఇష్టం కూడా.

ఆ రేకుల షెడ్డు ఇంకా ఉంది. అందులో కుండల విభాగం, పదకొండుమంది విద్యార్థులు, వాళ్ళకు టీచరుగా స్టోర్‌కీపర్ సొంత కూతురు ఉన్నారు. ఇంత తక్కువమందికి అంత చోటెందుకు, తీసేసి కంప్యూటర్ గది కడదామని వైస్ ఛాన్సలర్ ఆలోచన. వార్షికోత్సవం రోజున మొదటి కూజాను చూపించి, ఈ చెట్టుకు వేరు ఇదేనండీ అని నాలుగు ముక్కలు చెబితే ఆయన మనసు మారకపోతుందా అన్నది తండ్రీకూతుళ్ళ ఆశ. ఆ ఆశతోనే స్టోర్‌కీపర్ ముప్పై ఏళ్ళలో మొదటిసారి కూజాను పట్టుకున్నాడు. పిడి చేతికొచ్చింది. కూజా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ కంగారులో తడిగుడ్డ అట్టముక్క మీద పడి అక్షరాలు కూడా చెదిరిపోయాయి. రెండు ముక్కల్నీ తువ్వాల్లో చుట్టి షెడ్డుకు పరుగెత్తాడు.

"అమ్మడూ, ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టాలమ్మా."

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. జోడీగా ఉంటుందని."

కూతురు తువ్వాలు విప్పి చూసి, "మరి ఇదేంటి?" అంది.

"దానంతటదే ఊడిందమ్మా."

కొత్తగా చేరిన పిల్లల నోట ఏటా ఆ జవాబు విని విని ఉన్న కూతురు ఇంకేమీ అడగలేదు. చేయడానికి ఒప్పుకుంది కానీ ఒక్క కూజా కోసం బట్టీ వెలిగించడం కుదరదంది. బట్టీ నిండితేనే మంట సమంగా తగులుతుందట. నీ ఇష్టం, మూడో కంటికి తెలియకపోతే చాలన్నాడు తండ్రి. కూతురు కారణం చెప్పకుండా పదకొండుమందికీ తలా మూడు కూజాలు అభ్యాసంగా ఇచ్చింది.

స్టోర్‌కీపర్ ముద్రణ విభాగానికి వెళ్ళి చెదిరిపోయిన అట్టలాంటిది ఇంకొకటి కావాలన్నాడు. ఒక్క అట్టకు ప్రెస్సు తిప్పరట, యాభై వేశారు. కూజా కింద పరిచిన గుడ్డ వెలిసిపోయిందని నేతవాళ్ళను అడిగితే, ఒక్క గుడ్డకు మగ్గం మీద పడుగు ఎక్కిస్తారా అని ఒక తాను గుడ్డంతా నేసి ముక్కలు చేశారు. కొయ్యపని మాస్టారయితే అడక్కుండానే పీటలు మొదలుపెట్టించాడు. ఎవరెందుకని అడిగినా "ఊరికే" అన్నాడు స్టోర్‌కీపర్. ఊరికే ఇంత పని జరగదు గనక, ఉత్సవానికి ఏదో పెద్ద ప్రదర్శన ఉందని అందరూ ఎవరికి వాళ్ళే తేల్చుకున్నారు.

ఇంతలో ఆహ్వానపత్రిక వచ్చింది. ముఖ్య అతిథి మొదటి బ్యాచ్ విద్యార్థిని, తొంభై రెండేళ్ళ పెద్దావిడ. ఆ కూజా చేసిన చేతులే. స్టోర్‌కీపర్ మళ్ళీ షెడ్డుకు పరుగెత్తి అన్నీ ఆపెయ్యమన్నాడు.

"బట్టీ నిన్ననే వెలిగించాం నాన్నా. చల్లారేదాకా దేవుడొచ్చినా తియ్యలేం," అంది కూతురు.

ఉత్సవం రోజున, ఇక వేరే దారి లేక, కొత్తవాటిలో అసలుదాన్ని బాగా పోలిన కూజా ఒకటి చూసుకుని బీరువాలో పెట్టేద్దామని ఆయన పొద్దున్నే వచ్చాడు. అప్పటికే హాల్లో పొడుగాటి బల్ల మీద, బట్టీలో పగిలినవి పోగా మిగిలిన ఇరవై తొమ్మిది కూజాలు వరసగా కూర్చుని ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పీట, ఒక కొత్త గుడ్డ, మెడలో "మొదటి కూజా, ముట్టుకోరాదు" అన్న అట్ట. ఒక్కటైనా తీసి దాచేలోపే తలుపులు తెరుచుకుని వైస్ ఛాన్సలర్, ఆయన చెయ్యి పట్టుకుని పెద్దావిడ, వెనక అతిథులు లోపలికి వచ్చారు.

వైస్ ఛాన్సలర్ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఇదేదో పోటీ అనుకుని నవ్వాడు. "మీ కూజా ఏదో మీరే గుర్తుపట్టాలమ్మా."

పెద్దావిడ నీళ్ళు తెమ్మంది. ముట్టుకోరాదన్న అట్టను పక్కకు నెట్టి, వరసలో ముందున్న కూజాలో నీళ్ళు పోసి గ్లాసులోకి వంచింది. చుక్క కింద పడలేదు. రెండోది వంచింది, మూడోది వంచింది, ఏడో కూజా దగ్గర ఆగింది.

"వీటిల్లో నాది లేదు."

వైస్ ఛాన్సలర్ స్టోర్‌కీపర్ వైపు తిరిగాడు. "అసలుది ఏమయిందయ్యా?"

కూతురి ముఖం పాలిపోయింది. అది చూశాక స్టోర్‌కీపర్‌కు "ఊరికే" అన్న మాట నోట రాలేదు. స్టోరుకు వెళ్ళి తువ్వాలు తెచ్చి ఆవిడ ముందు విప్పాడు.

"నా చేతుల్లోనే విరిగిందండీ. మా అమ్మాయి తప్పేం లేదు."

పెద్దావిడ పిడిని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని స్టోర్‌కీపర్ కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది.

"ఇది అప్పుడే ఊడింది బాబూ. పరీక్షలవాళ్ళు పట్టుకుంటే పరువు పోతుందని మా మాస్టారు బంకతో అతికించి, ముట్టుకోరాదని అట్ట కట్టారు. బంక ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప."

హాలంతా గొల్లుమంది. ఆవిడ నవ్వు ఆపుకుని వైస్ ఛాన్సలర్ వైపు చూసింది. "నా కూజా వంచితే సగం గ్లాసులో, సగం ఒళ్ళో పడేవి. డెబ్భై అయిదేళ్ళకు మన షెడ్డులోంచి చుక్క కారని కూజాలొచ్చాయి. ఈ పిల్లలకు ఏమిస్తున్నారు?"

షెడ్డు తీసేస్తున్నామన్న ప్రకటన వైస్ ఛాన్సలర్ జేబులోనే ఉంది. ఆయన దాన్ని పైనుంచి ఒకసారి తడుముకుని, గ్లాసెత్తి నీళ్ళు తాగి, "కొత్త బట్టీ," అన్నాడు.

పదకొండుమందీ చేసిన గోలకు రేకుల షెడ్డు దాకా అదిరింది. అతిథులు తలా ఒక కూజా చంకన పెట్టుకు పోయారు. మరుసటి ఏడు కుండల విభాగానికి దరఖాస్తులు నలభై మూడొచ్చాయి. కూతురు అందరి ముందూ తండ్రి చెయ్యి పట్టుకుంటే, కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఆయనకు ఆ పాత తువ్వాలే దొరికింది.

అసలు కూజా, పిడి పక్కనే పడుకుని, మళ్ళీ అద్దాల బీరువాలోకి చేరింది. చెదిరిపోయిన అట్ట బదులు స్టోర్‌కీపర్ తన చేత్తో కొత్తది రాసి కట్టాడు: "మొదటి కూజా. పిడి మొదటి నుంచీ ఇంతే."