వంగితే వెలిగే దీపం

మా విశ్వవిద్యాలయంలో ఇకపై కరెంటు కోత ఉండదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నడుమున్న ప్రతి ఒక్కరికీ ఈ విజయంలో వాటా ఉంది.

ఇందుకు కారణమైన వస్తువు చూడ్డానికి మామూలు నడుం పట్టీ. లోపల మాత్రం గ్రాఫీన్ పొర ఉంది. పెన్సిల్ ములుకులోని పదార్థాన్ని పొరలు పొరలుగా ఒలుస్తూ పోతే, ఇక ఒలవడానికేమీ లేనప్పుడు మిగిలే పొర అది. ఎంత వంచినా విరగదు. ఈ సుగుణం వల్లే మా పెద్దలకు అది చూడగానే నచ్చింది. దాన్ని ముందుకు వంచినప్పుడల్లా చిటికెడు విద్యుత్తు పుట్టి, పట్టీ మీది బుల్లి దీపం వెలిగేలా తయారుచేసింది భౌతికశాస్త్ర విభాగంలోని ఒక పరిశోధకురాలు. పాపం, ఆ అమ్మాయికి లోకజ్ఞానం తక్కువ. విశ్వవిద్యాలయంలో అందరూ నడుం వంచి పనిచేస్తారని నమ్మి, ఆ పనిలోంచి కరెంటు తీద్దామనుకుంది.

సిబ్బంది అందరికీ పట్టీలు కట్టింది. ఒక్క దీపమూ వెలగలేదు. ఆచార్యులు కుర్చీల్లో వెనక్కి వాలారు. గుమాస్తాలు కింద పడ్డ ఫైళ్లను కాలితో పక్కకు జరిపారు. గ్రంథాలయాధికారి కింది అరలోని పుస్తకాలు ఎవరూ అడగకూడదని బోర్డు పెట్టాడు. ఒక యువ అధ్యాపకుడి దీపం ఓ మధ్యాహ్నం మినుకుమంటే అమ్మాయి పరుగెత్తుకెళ్లి చూసింది. ఆయన బూటు లేసు కట్టుకుంటున్నాడు.

ఆమెకు ఇది నవ్వులాట కాదు. పరీక్షక సంఘం ముందు దీపం వెలగకపోతే డాక్టరేటు రాదు, ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ నీళ్లపాలవుతాయి. ఇంట్లో తల్లి పోరు వేరే ఉంది.

"ఇంకెప్పుడే నువ్వు డాక్టరయ్యేది? ఎదురింటి పిన్నిగారు మోకాళ్లు నీకే చూపిస్తానని కూర్చుంది."

"అమ్మా, నేను ఆ డాక్టర్ని కాదే!"

"ఏదో ఒక డాక్టరువి. ముందు అవ్వు."

ప్రదర్శన రోజు రానే వచ్చింది. పట్టీలు కట్టుకున్న సిబ్బంది హాల్లో వరసగా నిలబడ్డారు. అమ్మాయి తన పట్టీ తనూ కట్టుకుంది. పరీక్షక సంఘానికి అధ్యక్షులైన ఉపకులపతిగారు గుమ్మంలో అడుగుపెట్టారు.

హాలు ధగధగలాడిపోయింది. సిబ్బందిలో ఒక్క నడుమూ నిటారుగా లేదు. కింది అరకు ఏనాడూ వంగని గ్రంథాలయాధికారి వెలుగులో పేపరు చదువుకోవచ్చు. ఉపకులపతిగారు పొంగిపోయి ప్రసంగించారు.

"ఈ వెలుగుకు నా రాకే కారణమని కొందరంటారు. నేను కాదనను. ఇతరుల అభిప్రాయాలను గౌరవించడం నా సంస్కారం."

గౌరవసూచకంగా వారికీ ఒక పట్టీ కట్టారు. అది వెలగలేదు. అంతటివారికి వెలగాల్సిన అవసరమేమిటని సభ సరిపెట్టుకుంది. కానీ పరిశోధకురాలి దీపం కూడా వెలగలేదు. ఆశ్చర్యంలో ఆమె వంగడం మరిచిపోయింది.

"తయారుచేసిన మనిషి పట్టీయే పనిచేయకపోతే డాక్టరేటు ఎలా ఇస్తామమ్మా?" అన్నారు ఉపకులపతిగారు.

ఆమె పరిశోధనకు గైడుగారు ఇంకా వంగే ఉన్నారు కాబట్టి, సలహా ఆమె మోకాలికి చెప్పినట్టు చెప్పారు. "వంగమ్మా, కాస్త వంగు. సైన్సు కోసం."

అమ్మాయికి ఒళ్లు మండింది. "పనికి నడుం వంచుతారని చేశాను సార్. దీనికోసం కాదు." చేతిదాకా వచ్చిన డాక్టరేటు జారిపోతోందని తెలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నిటారుగానే నిలబడింది.

సరిగ్గా అప్పుడే ఉపకులపతిగారి ఫోను మోగింది. అవతల మంత్రిగారు. మర్యాదగా పక్కకు తిరిగితే ఎదురుగా గోడ, ఓ బల్ల తప్ప ఎవరూ లేరు. వారు ఆ గోడకే వంగారు. "చిత్తం సార్... మీ దయ సార్..." ఇంకా వంగారు. నుదురు బల్లకు తగిలింది. "రాంగ్ నంబరా సార్? నా అదృష్టం సార్!" పట్టీ మీది దీపం తెల్లగా మండి, టప్పున పేలింది.

అమ్మాయి నోరు నొక్కుకుంది, పొట్ట పట్టుకుంది, నవ్వు ఆపుకోలేక రెండుగా ముడుచుకుపోయింది. ఆమె దీపం భగ్గున వెలిగింది.

సభ చప్పట్లతో మారుమోగింది. ఆమె భుజాలు అదరడం చూసి, ఆనందంతో ఏడుస్తోందనుకుని ఉపకులపతిగారు చలించిపోయారు. "ఎంత వినయం!" అంటూ డాక్టరేటు అక్కడికక్కడే ప్రకటించారు.

ఇప్పుడు ప్రాంగణమంతా నడుం కరెంటే. ఉపకులపతిగారు రోజంతా నడవల్లో తిరుగుతూ ఉత్పత్తిని స్వయంగా పర్యవేక్షిస్తున్నారు. వంగిన వాళ్ల భుజాలు ఈమధ్య మరీ అదురుతున్నాయని, అందువల్ల వెలుగు రెట్టింపైందని విద్యుత్ విభాగం హర్షం వ్యక్తం చేసింది. ఏ నడుం భక్తితో వంగిందో, ఏ నడుం నవ్వాపుకోలేక వంగిందో తేల్చే పరికరం కనిపెడతానని కొత్త డాక్టరమ్మ ముందుకొస్తే, అలాంటి పరిశోధన సమాజానికి మంచిది కాదని పెద్దలు తోసిపుచ్చారు.

మీకు కూడా ఎవరైనా రోజూ వంగి వంగి దండాలు పెడుతున్నారా? సంతోషం. ఈసారి మీరూ కాస్త వంగి, వాళ్ల మొహం చూడండి.