ఒక కన్ను, మూడు ఆసుపత్రులు

బుధవారం ఉదయం క్రీస్తుదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సుకు భార్య రెబ్కాను ఒంగోలు తీసుకెళ్ళాలి. ఆమె ఎడమ కంటి శుక్లం ఆపరేషనుకు ఎంతవుతుందో మూడు ఆసుపత్రుల్లో కనుక్కోవాలి. తక్కువ చెప్పినచోట ఖాయం చేసుకుని, పొదిలి మీదుగా గేదె పాలు పితికే వేళకు ఊళ్ళో పడాలి.

తొందరకు కారణం ఉంది. కల్లంలో మిరపకాయలు ఆరి సిద్ధంగా ఉన్నాయి. పోయిన వారం రెబ్కా కూర్చుని ఏరిన మేలు రకం కుప్పలో సగం తాలుకాయలే తేలాయి. తెల్లగా పాలిపోయిన తాలు ఏదో, ఎర్రకాయ ఏదో ఆమెకు తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా కాయలు ఏరడంలో ఆ ఊళ్ళో రెబ్కా తర్వాతే ఎవరైనా. అలాంటిది కల్లంలోనే కూలబడి ఏడ్చేసింది. "నాకు భయంగా ఉందయ్యా. కళ్ళు పోతే నేనెందుకు పనికొస్తా?" అంది. ఉచిత కంటి శిబిరం వానాకాలంలో పెడతారట. కాయలు అప్పటిదాకా ఆగవు.

క్రీస్తుదాసు తెలివిగలవాడు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతుంటాడు. గుంటూరు మిర్చి యార్డులో తనను ముంచినవాడు ఇంతవరకూ లేడని, అందుకు తన పద్ధతే కారణమని అంటాడు. మూడు కొట్లలో శాంపిల్ చూపించాలి. ఒక కొట్టుకు వెళ్ళిన సంగతి ఇంకో కొట్టువాడికి తెలియకూడదు. అందుకని కొట్టుకో పేరు చెప్పాలి, సొంత ఫోను నంబరు చచ్చినా ఇవ్వకూడదు. ఆసుపత్రి మాత్రం కొట్టు కాదా? ఈసారి శాంపిల్ రెబ్కా, అంతే తేడా.

మొదట మెట్ల ఆసుపత్రికి వెళ్ళారు. గోడ మీద ధరల పట్టిక ఉంది, దాని ముందు మంచినీళ్ళ ఫిల్టరు ఉంది. క్రీస్తుదాసు ఫిల్టరు పక్కనుంచి మెడ సాచి చదివాడు. 'శుక్లం ఆపరేషన్: ఎనిమిది వేల నుంచి.'

"నుంచి అంటే, ఎక్కడి దాకా అమ్మా?" అని కౌంటరులో అమ్మాయిని అడిగాడు.

"డాక్టరు గారు చూశాక తెలుస్తుందండి."

"దాకా ఎక్కడ రాశారు?"

"దాకా రాయరండి."

రెబ్కా పేరు చెప్పి, నంబరు అడిగితే పాస్టరు నతానియేలు అయ్యగారి నంబరు ఇచ్చాడు. భర్త పేరు అడుగుతారని ఆయన పద్ధతిలో లేదు. కంగారులో నిజమే చెప్పేశాడు. లోపల మూతికి మాస్కు కట్టుకున్న డాక్టరు లైటు వేసి చూసి, "బాగా ముదిరిందమ్మా, ఆలస్యం చేయకండి" అన్నాడు. బయట ఇరవై రెండు వేలన్నారు. మొదటి కొట్టువాడు ఎప్పుడూ అలాగే అంటాడని క్రీస్తుదాసు నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

రెండోది అద్దాల ఆసుపత్రి. అక్కడ రెబ్కాకు సుబ్బరావమ్మ అని పేరు పెట్టాడు. అయ్యగారి నంబరూ, భర్త పేరూ మాత్రం మళ్ళీ అవే నోటికొచ్చాయి.

"ఆ పేరేందయ్యా?" అంది రెబ్కా గొంతు తగ్గించి.

"కల్లంలో నీ పక్కన కూర్చుని ఏరుద్దిగా, ఆ పేరే నోటికొచ్చింది. నువ్వు ఊరుకోవే."

నర్సు బయటికొచ్చి "సుబ్బరావమ్మ గారూ!" అని మూడుసార్లు కేకేసింది. ఎవరూ లేవలేదు. "పాపం, ఆవిడకి చెవుడేమో" అని రెబ్కా జాలిపడింది. క్రీస్తుదాసు మోచేత్తో పొడిస్తేగానీ ఆ చెవిటావిడ తనేనని గుర్తుకు రాలేదు.

"ఏమే, ఈ డాక్టరు ఇందాకటాయన లాగా లేడూ?" అన్నాడు బయటికొచ్చాక.

"నన్నడుగుతావేంది? నాకు కనపడితే ఇంతదూరం ఎందుకొస్తాం?"

ఇక్కడా ఇరవై రెండు వేలే. క్రీస్తుదాసుకు మొదటిసారి అనుమానం తగిలింది. యార్డులో ఏ రెండు కొట్లూ రూపాయితో సహా ఒకే ధర చెప్పిన పాపాన పోలేదు.

మూడోది వేపచెట్టు ఆసుపత్రి. ఈసారీ పేరొక్కటే మార్చి, వెంకటేశ్వరమ్మ అన్నాడు. ఆవిడ కూడా కల్లం మనిషే. డాక్టరు హెల్మెట్టు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చి, కూర్చుని, లైటు వేసి, ఉలిక్కిపడ్డాడు.

"ఈ కన్ను నేనెక్కడో చూశాను."

"కళ్ళన్నీ ఒకలాగే ఉంటాయి కదండీ" అన్నాడు క్రీస్తుదాసు.

"లేదండీ. ఈ కన్ను నాకు బాగా తెలుసు." డాక్టరు గోడలవైపు చూసి, నర్సును అడిగాడు. "ఇది ఏ ఆసుపత్రమ్మా?"

"వేపచెట్టుదండీ."

"మరి నేను అద్దాలదాంట్లో లేనా?"

నర్సు మొగుడూ పెళ్ళాలను కౌంటరుకు పంపింది. కౌంటరులో క్రిస్టీనా అనే అమ్మాయి కంప్యూటరు చూసి కనుబొమలెత్తింది.

"సార్, ఈ నంబరు మీద ఈరోజే ఇద్దరున్నారు. రెబ్కా గారు, సుబ్బరావమ్మ గారు. ఇప్పుడు వెంకటేశ్వరమ్మ గారు. ముగ్గురికీ భర్త క్రీస్తుదాసు గారే. మీరేనా సార్?"

"ఆ ఆసుపత్రుల సంగతి నీకెట్టా తెలుసమ్మా?"

"మూడూ ఒకటే కదండీ. రెండు నెలలైంది, ఒకే కంపెనీ కొనేసింది. జనం పాత డాక్టర్ల నమ్మకం మీద వస్తారని బోర్డులు మార్చలేదు. ఇప్పుడు మూడింటికీ డాక్టరు గారు ఈయనొక్కరే."

"మరి రేట్లు?"

"అన్నిచోట్లా ఒకటే సార్. ఈజీగా ఉంటుందని."

"ఎవరికి?"

దానికి కంప్యూటరులో సమాధానం లేదు. ఇంకోటి ఉంది. ఒకే ఇంట్లో ముగ్గురు చేయించుకుంటే కుటుంబ రాయితీ కింద మనిషికి పదిహేను వేలే. నిజం చెప్పడానికి తెరిచిన నోరు, పదిహేను అనగానే మూతపడింది. ఆపరేషను శనివారమన్నారు, ఆ రోజు ఒక్క రెబ్కాను తెచ్చి మిగతా ఇద్దరికీ జ్వరమని చెబితే సరిపోతుందనుకున్నాడు.

"ముగ్గురూ రావాలి సార్. ఒక్కరు తగ్గినా ఇరవై రెండే" అంది క్రిస్టీనా.

దారేదో తోచకపోదని ముగ్గురి పేర్లూ అలాగే ఉంచేసి క్రీస్తుదాసు ఊరికొచ్చాడు. శుక్రవారం చర్చిలో స్త్రీల కూడిక జరుగుతోంది. నతానియేలు అయ్యగారికి వినికిడి తక్కువ, ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతారు. సరిగ్గా ప్రార్థన ముగిసి అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది మోగింది.

"క్రీస్తుదాసు గారి ఇల్లేనాండీ? ఆయన ముగ్గురు భార్యలూ రేపు ఎనిమిదింటికల్లా రావాలి. తలస్నానం చేసి, ఆధార్ కార్డులు తెచ్చుకోమనండి."

క్రీస్తుదాసు ఆ సంఘంలో పెద్ద. రెబ్కా ముందు వరసలో కూర్చుని ఉంది. కబురు వీధి చివరికి చేరేసరికి భార్యలు నలుగురయ్యారు, ఒకావిడ చీరాలలో ఉంటుందని కూడా తేలింది.

అయ్యగారు నేరుగా ఇంటికొచ్చారు. "ఎవరయ్యా ఆ ఇద్దరూ?"

"ఎవరూ లేరయ్యగారూ! ముగ్గురూ రెబ్కాయే!"

"అంటే ఒక్కమనిషినే మూడుసార్లు చేసుకున్నావా?"

"చేసుకోలేదండీ, చూపించా."

అయ్యగారికి ఇంకా అయోమయమైంది. ఆ కాగితాలు సరిచేయించేదాకా సంఘపెద్దగా ఉండవద్దని చెప్పి వెళ్ళిపోయారు. రెబ్కా గడపలో నిలబడి ఉంది.

"నా కన్ను బాగుచేయించమంటే ఇద్దరు సవతుల్ని తెచ్చావు. ఇప్పుడు నా కన్ను గతేంది?"

"తప్పైపోయిందే" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రెబ్కా మొదటిసారి వింది. గడప దిగి అడిగింది.

"ముగ్గురికైతే ఎంతన్నారు?"

"మనిషికి పదిహేను."

రెబ్కా చెప్పులు వేసుకుని కల్లానికి నడిచింది. సుబ్బరావమ్మ, వెంకటేశ్వరమ్మ అక్కడే కాయలు ఏరుతున్నారు. ఇద్దరి భర్తలూ పోయి చాలాకాలమైంది. సంగతి విని ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత సుబ్బరావమ్మ నెమ్మదిగా అంది. "నాకూ రెండేళ్ళ నుంచి శుక్లమే రెబ్కా. ఖర్చుకు భయపడి ఎవరికీ చెప్పలా." వెంకటేశ్వరమ్మ తలకొంగు సర్దుకుని, "నాకు మాత్రం ఏం కనపడతంది?" అంది. ఆ కుప్పలో తాలు ఒక్క రెబ్కా వేసింది కాదని అప్పుడు బయటపడింది. రెబ్కాకు గుండెల మీద బరువు దిగినట్లయింది.

శనివారం ఎనిమిదింటికి ముగ్గురూ తలస్నానాలు చేసి వేపచెట్టు ఆసుపత్రిలో దిగారు. క్రిస్టీనా ఆధార్ కార్డులు చూసింది. పేర్లన్నీ సరిపోయాయి.

"సుబ్బరావమ్మ గారూ, ఇందులో భర్త పేరు వేరే ఉందే?"

"ఆయన పోయాడమ్మా."

క్రిస్టీనా క్రీస్తుదాసు వైపు గౌరవంగా చూసి ఇంకేమీ అడగలేదు. డాక్టరు ముగ్గురినీ మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేశాడు. మిగతా ఇద్దరినీ చూసి కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య! ఈ కళ్ళు నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

మర్నాడు పట్టీలు విప్పారు. రెబ్కా కన్ను చికిలించి మొగుడి ముఖం చూసింది. "ఇంతగా నెరిసిపోయావేందయ్యా?" అని నవ్వింది. కన్ను తడపకూడదన్నారు కాబట్టి ఆమె వంతు కూడా క్రీస్తుదాసే ఏడ్చాడు.

సుబ్బరావమ్మ కూడా ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఈయనా? ముందే ఇంత బాగా కనపడుంటే, ఈయన పెళ్ళాన్నని రాసిన ఆసుపత్రి కాగితం మీద వేలిముద్ర వేసేదాన్నే కాదు" అంది.

క్రీస్తుదాసు కళ్ళు తుడుచుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. అయ్యగారికి చూపించాలి, కాగితాల్లో ఇద్దరు భార్యలను తీసేయడానికి ఎంతవుతుందని అడిగాడు. క్రిస్టీనా గోడ మీది పట్టిక చూపించింది. దానికీ ధర ఉంది, రెండు వందల నుంచి.