ముందే చూసిన సాక్షి

ఉగ్రవాదాన్ని ఊడ్చిపారేశామని పెద్దసారు ప్రకటించారు. పదకొండు కేసులు, పదకొండు సోదాలు, ఒక్క పొరపాటు లేదు. "ప్రతి సోదా ఇండిపెండెంట్ విట్నెస్ సమక్షంలోనే జరిగింది. మానవ హక్కులంటే మా డిపార్ట్‌మెంటుకు ప్రాణం" అని టీవీ కెమెరాల ముందు గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పారు.

ఆ ఇండిపెండెంట్ విట్నెస్‌ని నేనే. పదకొండు కేసుల్లోనూ నేనే.

ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. పెద్దసారు నడిపే ఉగ్రవాద నిరోధక కార్యాలయం గేటుకు ఎదురుగా నాకు తాళాల కొట్టు ఉంది. పిలిస్తే రెండు నిమిషాల్లో వెళ్తాను. మా ఆవిడ పోయాక, ఎక్కడికి వెళ్ళావు, ఏ కాగితం మీద సంతకం పెట్టావు అని అడిగే మనిషి ఇంట్లో లేదు. ఇంతకన్నా స్వతంత్రుడు ప్రభుత్వానికి ఎక్కడ దొరుకుతాడు?

చట్టప్రకారం సాక్షి సోదా జరిగేచోట నిలబడి, దొరికిన వస్తువుల్ని కళ్ళతో చూసి, అక్కడే పంచనామా మీద సంతకం చెయ్యాలి. మోకాళ్ళ నొప్పులవాణ్ణి అంత తిప్పడానికి పెద్దసారుకు మనసొప్పలేదు. ఒక మధ్యాహ్నం రైటరు, అంటే ఆ ఆఫీసులో కాగితాలు రాసే కానిస్టేబులు, ముప్పై కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"బాబాయ్, ఒకేసారి పెట్టేయ్. మాటిమాటికీ నిన్ను విసిగించడం దేనికి?"

"వీటిమీద ఏమీ లేదేంట్రా?"

"ఉంటే నువ్వు చదవాలి. ఆ కళ్ళజోడుతో నీకెందుకు శ్రమ?"

మా ఆవిడ తర్వాత నామీద ఇంత శ్రద్ధ చూపినవాళ్ళు లేరు. ముప్పై సంతకాలూ పెట్టాను. నేను మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. సంతకం కింద తేదీ వెయ్యకపోతే పంతులుగారు వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. అందుకని ముప్పైటికీ తేదీ కూడా వేశాను. రైటరు చూడలేదు. తర్వాత పెద్దసారు చూడలేదు, ప్రభుత్వ లాయరు చూడలేదు, ఇద్దరు జడ్జీలు చూడలేదు. నాలాంటివాడి చేతిరాతను తేరిపార చూడకపోవడం పెద్దవాళ్ళ సంస్కారం.

నాలుగేళ్ళ తర్వాత ఒక లాయరమ్మ చూసింది.

అప్పటికి బేకరీలో పనిచేసే ఒకతను ఆ నాలుగేళ్ళూ బెయిలు లేకుండా జైల్లో ఉన్నాడు. అతని గదిలో మైదాపిండి సంచీలో పేలుడు పదార్థం దొరికిందనీ, అది నేను చూశాననీ నా పంచనామాలో ఉంది. అతని అక్క బట్టలు కుట్టుకునే మనిషి. లాయరమ్మ చేత హైకోర్టులో మానవ హక్కుల పిటిషన్ వేయించి, ఒకరోజు నా కొట్టుకు వచ్చింది.

"బాబాయ్ గారూ, మా తమ్ముడి గదిలో ఆ సంచీ మీరు చూశారా?"

"కాగితంలో ఉందిగా."

"కాగితం సంగతి కాదండీ. మీరు చూశారా?"

"తాళం కావాలంటే చెప్పమ్మా. పనిలో ఉన్నాను."

"వాడి గది ఏ వీధిలో ఉందో అయినా తెలుసా మీకు?"

తెలియదు. ఆడకూతురికి ఎదురు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను.

విచారణకు ముందురోజు పెద్దసారు నన్ను పిలిపించి కుర్చీ వేయించారు. "తేదీ పొరపాటున వేశానని ఒక్క మాట చెప్పు చాలు. మిగతాది మా లాయరు చూసుకుంటాడు." తెల్లచొక్కా వేసుకుంటే నమ్మకంగా కనిపిస్తానని రైటరు సలహా ఇచ్చాడు. వేసుకున్నాను.

బోనులో లాయరమ్మ అడిగింది. "సోదా జరిగింది పన్నెండో తేదీన. మీ సంతకం కింద మూడో తేదీ ఉంది. తొమ్మిది రోజుల ముందే ఆ సంచీ చూశారా?"

ప్రభుత్వ లాయరు లేచాడు. "అది డిపార్ట్‌మెంటు ముందుచూపండీ" అన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి చూసేసరికి దారి మార్చాడు. "సాక్షి పల్లెటూరి బడిలో అయిదు చదివిన మనిషి. వయసు మళ్ళింది. ఏ రోజు ఏ తేదీయో తెలియనివాడు."

అందరూ నావైపు జాలిగా చూశారు. నేను తల ఊపితే చాలు. ఆ ఊపు మీద బేకరీ అతని బతుకు ఉందని నాకు తెలుసు. వాళ్ళక్క ఎదురు బెంచీ మీదే కూర్చుంది. అబద్ధమెందుకు, అవేవీ నన్ను కదిలించలేదు. నాకు మండింది 'తేదీ తెలియనివాడు' అన్నందుకు.

"మూడో తేదీ మా ఆవిడ పోయిన రోజు" అన్నాను. "ఏటా ఆ రోజు కొట్టు తెరవను. మెట్ల మీద ఖాళీగా కూర్చున్నానని రైటరు కాగితాలు తెచ్చాడు. ఆ తేదీ నేను తప్పు వెయ్యను."

"ఆ కాగితాల మీద ఏముంది?"

"ఏమీ లేదు. తెల్లగా ఉన్నాయి."

"అతని గది చూశారా?"

"లేదు."

"సంచీ?"

"లేదు."

"మరి ఏం చూశారండీ?"

"పెన్ను రాస్తోందో లేదో చూశాను."

కేసు కొట్టేశారు. అతన్ని వెంటనే వదలమన్నారు. వదిలేముందు ఆరోగ్యం ఎలా ఉందో ఇండిపెండెంట్ విట్నెస్ ముందు రాయించమని కూడా ఆదేశించారు. పత్రికలు నన్ను 'అంతరాత్మ మేల్కొన్న సామాన్యుడు' అన్నాయి. ఆ ముక్క కత్తిరించి కొట్లో అద్దం వెనక దాచుకున్నాను. పెద్దసారు తీర్పును స్వాగతించి, ఆ సాయంత్రమే హ్యూమన్ రైట్స్ సెల్ ప్రారంభించారు.

మర్నాడు పొద్దున రైటరు వచ్చాడు. "బాబాయ్, పద. సంతకం ఉంది."

"నేనా? మీ కేసు చెడగొట్టింది నేనేగా?"

"అందుకేగా! ఇప్పుడు నీకన్నా ఇండిపెండెంట్ ఎవడున్నాడు? హైకోర్టే నమ్మింది."

కొత్త సెల్ గదిలో కొత్త బల్ల వేశారు. జైలు నుంచి అక్కడికే తెచ్చిన బేకరీ అతను స్టూలు మీద కూర్చున్నాడు, పక్కన వాళ్ళక్క. అతని చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, విప్పబోతే రావడం లేదు. టైపు చేసిన కాగితం రైటరు నా ముందుకు తోశాడు. ఒంటిమీద ఏ గాయమూ లేదు, కస్టడీలో మర్యాదగా చూశారు, ఫిర్యాదు ఏమీ లేదు.

"ఈ వేళ్ళేంటి సార్?" అన్నాను.

"కీళ్ళవాతం" అన్నారు పెద్దసారు.

"అతనికి ముప్పై కూడా ఉండవు."

"ఈ మధ్య చిన్నవాళ్ళకీ వస్తోందయ్యా."

"నేను పెట్టను."

పెద్దసారు కోప్పడలేదు. "నీ ఇష్టం. బలవంతం చేస్తే మానవ హక్కుల ఉల్లంఘన అవుతుంది. వేరే సాక్షిని వెతుక్కుంటాం. ఇవాళ శనివారం. సోమవారం కూడా సెలవే. దొరికేదాకా ఇతను లోపలే ఉంటాడు."

వాళ్ళక్క లేచింది. బల్ల మీది పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"పెట్టండి బాబాయ్ గారూ."

"చదివావా అమ్మా?"

"చదివాను. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలి. పెట్టండి."

పెట్టాను.

తర్వాత అతను పెట్టాలి. పెన్ను రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి పడ్డాక అతను వంగి తియ్యలేదు. "కేకుల మీద పేర్లన్నీ వీడే రాసేవాడు" అంది వాళ్ళక్క, ఎవరితోనూ కాకుండా. రైటరు ఇంకు ప్యాడు మూత తీశాడు. ఆమె తమ్ముడి బొటనవేలు పట్టుకుని ప్యాడుకు అద్ది, కాగితం మీద నొక్కింది.

పెద్దసారు ఆ వేలిముద్ర చూసి నిజంగానే నొచ్చుకున్నారు. రిజిస్టరు తెప్పించి, విద్యార్హత అన్న గడిలో తన స్వహస్తాలతో రాశారు: నిరక్షరాస్యుడు.